చెరువు గట్టు మీది సెన్సర్లు: దొంగ నోడ్‌ని గుర్తుపట్టడం ఎలా?

తేజ_ఎంటెక్ | ఆదివారం, రాత్రి 9:12

అందరికీ నమస్కారం. నేను ఎంటెక్ రెండో సంవత్సరం. వైర్‌లెస్ సెన్సర్ నెట్‌వర్క్‌లలో చొరబాట్లను మెషీన్ లెర్నింగ్‌తో గుర్తించడం నా ప్రాజెక్ట్. ఈ నెట్‌వర్క్‌ల మీది దాడుల రికార్డులున్న డబ్ల్యూఎస్ఎన్-డీఎస్ డేటాసెట్ మీద ర్యాండమ్ ఫారెస్ట్ అనే మోడల్ నడిపితే ఖచ్చితత్వం 99 శాతం దాటింది. గైడ్ గారు బాగుందన్నారు, పేపర్ రాయమన్నారు.

సంక్రాంతికి ఆకివీడు దగ్గర మా బాబాయి వాళ్ల ఊరు వెళ్లాను. ఆయనకి ఆరు వనామీ రొయ్యల చెరువులు. గట్ల మీద 14 సెన్సర్ నోడ్లు (నీటిని కొలిచి రేడియోలో పంపే చిన్న పెట్టెలు) పెట్టించారు. డీఓ (నీటిలో కరిగిన ఆక్సిజన్), పీహెచ్, నీటి ఉష్ణోగ్రత 5 నిమిషాలకోసారి షెడ్డులో ఉన్న గేట్‌వేకి, అంటే అన్నీ అందుకునే పెట్టెకి వస్తాయి. దూరపు చెరువుల నోడ్లు మధ్య నోడ్ల మీదుగా పంపుతాయి. డీఓ తగ్గితే ఏరియేటర్లు (నీళ్లలోకి గాలి కలిపే యంత్రాలు) వాటంతట అవే ఆన్ అవుతాయి, పెరిగితే ఆగిపోతాయి. భోజనాల దగ్గర నా ప్రాజెక్ట్ గురించి చెబితే బాబాయి ఒక్కటే అడిగారు: "అయితే ఎవడైనా మన గట్టు మీద పెట్టెని కెలికితే నీ ప్రోగ్రాం చెబుతుందా?" నా దగ్గర జవాబు లేదు. అప్పటి నుంచి మనసులో అదే తిరుగుతోంది.

పైగా ఒక చిక్కు ఉంది. నెల రోజులుగా 9వ నోడ్ డీఓ రాత్రిపూట ఒక్కోసారి 4 నుంచి 7కి ఎగిరి, వెంటనే మళ్లీ 4కి వస్తోంది. నోడ్లు అమ్మిన కంపెనీ వాళ్లు ప్రోబ్ (నీళ్లలో ముంచే కొలత కడ్డీ) పాతబడింది, మార్చుకోండి అన్నారు. గేట్‌వే లాగ్ మొత్తం తెచ్చుకున్నాను. పాడైన సెన్సరా, ఎవరైనా చొరబడ్డారా, ఎలా తేల్చాలి?

ప్యాకెట్‌వేట | ఆదివారం, రాత్రి 10:05

తేజ గారూ, ముందు ఆ 99 సంగతి చూద్దాం. ఆ డేటాసెట్‌లో మొత్తం 3,74,661 రికార్డులు. అందులో మామూలు ట్రాఫిక్ 3,40,066. గ్రేహోల్ 14,596, బ్లాక్‌హోల్ 10,049, షెడ్యూలింగ్ దాడి 6,638, ఫ్లడింగ్ 3,312. కళ్లు మూసుకుని అన్నిటికీ "మామూలే" అని రాసినా 90.8 శాతం వచ్చేస్తుంది. కాబట్టి మీ లెక్క 90.8 దగ్గర మొదలవ్వాలి. ఒక్కో దాడి రకానికీ విడిగా ఎన్ని దొరికాయి, ఎన్ని జారిపోయాయి, మామూలు వాటిలో ఎన్నిటిని తప్పుగా దొంగలన్నారు, ఆ పట్టిక ముందు వేయండి.

రెండోది. అది 2016లో వచ్చిన డేటా, ఎన్ఎస్-2 సిమ్యులేటర్‌లో లీచ్ ప్రోటోకాల్ నడిపి తీసింది. లీచ్‌లో నోడ్లు గుంపులు కడతాయి, రౌండ్ రౌండ్‌కీ గుంపు పెద్ద మారుతుంది. మిగతావి పెద్దకి పంపితే, పెద్ద అన్నీ కలిపి బేస్ స్టేషన్‌కి చేరుస్తుంది. పెద్దరికం కొట్టేసి వచ్చిన ప్యాకెట్లన్నీ పారేస్తే బ్లాక్‌హోల్. కొన్నే పారేస్తే గ్రేహోల్. "నేనే పెద్ద" అన్న ప్రకటనలతో ముంచెత్తితే ఫ్లడింగ్. అందరికీ ఒకే టైం స్లాట్ ఇచ్చి ప్యాకెట్లు ఢీకొనేలా చేస్తే షెడ్యూలింగ్ దాడి. మీ బాబాయి గారి చెరువుల దగ్గర లీచ్ నడిచే అవకాశం చాలా తక్కువ. గుంపులే లేని చోట గుంపు పెద్ద చేసే మోసాలు నేర్చిన మోడల్‌కి చేయడానికి పనే ఉండదు.

మూడోది చాలామంది పట్టించుకోరు. డేటా అంతా కలగలిపి 80-20గా విడగొట్టి ఉంటారు. అప్పుడు ఒకే నోడ్ తాలూకు రికార్డులు ట్రైనింగ్‌లోనూ ఉంటాయి, టెస్ట్‌లోనూ ఉంటాయి, మోడల్ ముందే చూసిన నోడ్‌నే గుర్తుపడుతుంది. నోడ్ ఐడీ, టైం కాలమ్స్ తీసేసి, కొన్ని నోడ్లని పూర్తిగా టెస్ట్‌కే ఉంచి మళ్లీ నడపండి. నంబర్ తగ్గితే కంగారు పడకండి, పేపర్‌లో అదే రాయండి.

సీతాకోక | ఆదివారం, రాత్రి 10:31

కనీసం తేజ గారు సెన్సర్ నెట్‌వర్క్ డేటా తీసుకున్నారు. సెన్సర్ నెట్‌వర్క్ అని పేరు పెట్టి కేడీడీ కప్ 99 మీద నడిపిన ప్రాజెక్టులు నేను చాలా చూశాను. అది 1998 నాటి మామూలు కంప్యూటర్ల ట్రాఫిక్. టెల్నెట్ లాగిన్లు, ఎఫ్‌టీపీలు లెక్కపెట్టే ఫీచర్లతో చెరువు గట్టు మీది నోడ్‌ని కాపాడలేం. విద్యార్థుల తప్పు లేదు, అడిగేవాళ్లు లేకపోవడమే బాధ.

గట్టుమీద | ఆదివారం, రాత్రి 11:20

నాకు మెషీన్ లెర్నింగ్ తెలియదు. కైకలూరు వైపు 12 ఏళ్లుగా రొయ్య సాగు చేస్తున్నాను. ఈ సైట్‌లో ఏరియేటర్ ప్యానెల్ గురించి అడగడానికి చేరాను. కానీ ఈ ప్రశ్నకి నేను ఒకటి చెప్పగలను.

రాత్రిపూట డీఓ 4 నుంచి 7కి 5 నిమిషాల్లో ఎగరడం జరగని పని. పగలు ఎండకి నీళ్లలోని సన్నటి నాచు, అదే ప్లాంక్టన్, ఆక్సిజన్ వదులుతుంది, డీఓ పెరుగుతుంది. అదే ప్లాంక్టన్ కార్బన్ డయాక్సైడ్‌ని పీల్చేస్తుంది కాబట్టి పీహెచ్ కూడా పెరుగుతుంది. పొద్దు గుంకాక రెండూ కలిసే దిగుతాయి. తెల్లవారుజామున డీఓ బాగా అడుక్కి వెళ్తుంది, మాకు నిద్ర పట్టని టైం అదే. ఏరియేటర్లన్నీ వేసినా నెమ్మదిగా కోలుకుంటుంది తప్ప ఒక్క గెంతులో 7కి రాదు.

డీఓ ఎగిరిన ఆ నిమిషంలో పీహెచ్ ఏం చేసిందో చూడండి బాబూ. పీహెచ్ కదలకుండా డీఓ ఒక్కటే ఎగిరితే ప్రోబ్ మీద నాచు పట్టిందనో, మెంబ్రేన్ పోయిందనో అనుకోవచ్చు. రెండూ ఒకేసారి ఎగిరితే ఆ మాట చెల్లదు. రెండు వేర్వేరు ప్రోబ్‌లు ఒకే నిమిషంలో పాతబడి, మళ్లీ ఒకే నిమిషంలో బాగుపడవు.

తేజ_ఎంటెక్ | సోమవారం, ఉదయం 6:48

రాత్రే చూశాను సార్. ఎగిరిన ప్రతిసారీ పీహెచ్ కూడా 7.8 నుంచి 8.3కి మారింది. ఉష్ణోగ్రత కూడా కొద్దిగా మారింది. ప్రోబ్ అన్న మాట నేనైతే ఇక నమ్మను.

సెన్సర్ నెట్‌వర్క్‌ల మీద చదివినప్పుడు వాచ్‌డాగ్ పద్ధతి కనిపించింది. ప్రతి నోడ్ పక్క నోడ్ల ప్రసారాలు వింటూ, తాను ఇచ్చిన ప్యాకెట్‌ని అది ముందుకి పంపిందో లేదో చూస్తుంది. 14 నోడ్లలోనూ అది పెట్టమని కంపెనీ వాళ్లని అడగొచ్చా?

మిణుగురు | సోమవారం, ఉదయం 9:30

నేను ఎంబెడెడ్ పనిలో ఉన్నాను, నోడ్ల లోపల నడిచే ప్రోగ్రాం (ఫర్మ్‌వేర్) రాస్తాను. వాచ్‌డాగ్ ఆలోచన 2000లో స్టాన్‌ఫర్డ్ నుంచి వచ్చింది, కదిలే పరికరాలు తమలో తామే కట్టుకునే మొబైల్ యాడ్‌హాక్ నెట్‌వర్క్‌ల కోసం. మంచి ఆలోచనే. కానీ మన నోడ్‌కి వినడం అంటే ఏమిటో లెక్క వేసి చూద్దాం.

సెన్సర్ నోడ్లలో బాగా వాడిన రేడియో చిప్ సీసీ2420 తీసుకోండి. పూర్తి శక్తితో పంపేటప్పుడు 17.4 మిల్లీయాంపియర్లు తీసుకుంటుంది, వినేటప్పుడు 18.8. అవును, మాట్లాడటం కంటే వినడమే ఖరీదు. 2,500 మిల్లీయాంపియర్ గంటల బ్యాటరీతో ఎప్పుడూ వింటూ కూర్చుంటే 133 గంటలు, అంటే ఐదున్నర రోజులు. అదే రేడియోని నూటికి ఒక్క వంతు సమయమే తెరిస్తే, రేడియో వరకు ఏడాదిన్నర వస్తుంది. అందుకే నోడ్లు ఎక్కువ భాగం నిద్రలో ఉంటాయి. నిద్రపోయేవాడిని కాపలా పెట్టలేం. మెలకువగా ఉంచితే వారం తిరక్కుండా బ్యాటరీ అయిపోతుంది. నోడ్లని నిద్రపోనివ్వకుండా బ్యాటరీ తినేయడమే ఒక దాడి, దాని గురించి 1999లోనే రాశారు. దొంగ చేయాల్సిన ఆ పనిని మనమే చేసి పెట్టినట్టు అవుతుంది.

వాచ్‌డాగ్ పొరపాటు పడే సందర్భాలని ఆ పరిశోధకులే రాశారు. నేను వినే క్షణంలో ఇంకో ప్యాకెట్ ఢీకొంటే పక్కవాడు పంపినా నాకు వినపడదు. దొంగ నోడ్ తన పవర్ తగ్గించి, నాకు వినిపించేంత పంపి, అసలు చేరాల్సిన నోడ్‌కి చేరకుండా చేయొచ్చు. ఇద్దరు దొంగలు కలిస్తే ఇంక చెప్పనక్కర్లేదు.

మీ షెడ్డులో గేట్‌వేకి కరెంటు ఉంది కదా? బరువు పని అంతా అక్కడ పెట్టండి. 2013లో స్వీడన్ పరిశోధకులు కాంటికి ఆపరేటింగ్ సిస్టమ్ మీద చేసిన స్వెల్ట్ అనే వ్యవస్థ ఇదే దారిలో నడిచింది: నెట్‌వర్క్ పటం గీసి తేడాలు పట్టే భారం బోర్డర్ రూటర్‌ది (మన గేట్‌వే లాంటిది), నోడ్ల మీద చిన్న తోడ్పాటు ముక్క మాత్రమే.

సీతాకోక | సోమవారం, మధ్యాహ్నం 1:15

ఒక సందేహం. సందేశాలన్నీ ఎన్‌క్రిప్ట్ చేస్తే బయటివాడు లోపలికి రాలేడు కదా? అప్పుడు ఈ చొరబాటు గుర్తింపు ఎందుకు?

మిణుగురు | సోమవారం, మధ్యాహ్నం 2:02

తప్పకుండా చేయాలి. ఇలాంటి నోడ్లు వాడే 802.15.4 ప్రమాణం రేడియోల్లో 128 బిట్ ఏఈఎస్ ఎన్‌క్రిప్షన్ ఉంటుంది, సీసీ2420లో అది హార్డ్‌వేర్‌లోనే ఉంది. సందేశాన్ని మధ్యలో ఎవరూ మార్చలేదని చూపే తనిఖీ కోడ్ కూడా చివర జోడించవచ్చు. ఒక ఫ్రేమ్‌కి 127 బైట్లే చోటు కాబట్టి కొందరు ఆ కోడ్ వదిలేస్తారు. దయచేసి వదలకండి.

కానీ ఒక సర్వర్ తాళం వేసిన గదిలో ఉంటుంది. మన నోడ్ గట్టు మీద, కర్రకి కట్టిన ప్లాస్టిక్ డబ్బాలో ఉంటుంది. ఎవరైనా విప్పి ఇంటికి తీసుకెళ్లొచ్చు. తయారీలో పరీక్షకి వాడే డీబగ్ పోర్ట్ తెరిచి ఉంటే మెమరీలోంచి కీ చదివేయొచ్చు. అన్ని నోడ్లకీ ఒకటే కీ అయితే ఒక డబ్బా పోయిన రోజున నెట్‌వర్క్ మొత్తం పోయినట్టే. ఆ తర్వాత వాడు పంపే ప్రతి సందేశం సరైన కీతో, సరైన కోడ్‌తో వస్తుంది.

కీ అసలు అక్కర్లేని దాడులూ ఉన్నాయి. వార్మ్‌హోల్ తీసుకోండి. 1వ చెరువు దగ్గర ఒక పెట్టె, 6వ చెరువు దగ్గర ఒక పెట్టె పెట్టి, ఇక్కడ విన్న ప్యాకెట్‌ని ఉన్నదున్నట్టు అక్కడ వినిపిస్తారు. లోపల ఏముందో చదవనక్కర్లేదు. దూరపు నోడ్లు తాము పక్కపక్కనే ఉన్నామనుకుని దారులు మార్చేసుకుంటాయి. దారి వాడి చేతిలోకి వెళ్లాక ఎప్పుడు కావాలంటే అప్పుడు తెంచేస్తాడు. గట్ల పటం గేట్‌వే దగ్గర ఉంటే ఇది తేలిగ్గా దొరుకుతుంది, ఎందుకంటే ఆ రెండు నోడ్లకీ ఒకదాని మాట ఒకదానికి వినపడే అవకాశమే లేదు.

నీటిచుక్క | సోమవారం, సాయంత్రం 4:40

నేను బ్రిస్బేన్‌లో నీటి సరఫరా రంగంలో పని చేస్తున్నాను. తేజ గారి 9వ నోడ్ కథ చదువుతుంటే మా దగ్గర కొత్తగా చేరినవాళ్లందరికీ చెప్పే ఒక సంఘటన గుర్తొచ్చింది. ఇక్కడికి ఉత్తరాన ఉన్న మరూచీ ప్రాంతంలో 2000లో జరిగింది. 142 మురుగునీటి పంపింగ్ స్టేషన్లు రేడియో ద్వారా మాట్లాడుకునేవి. పంపులు ఉన్నట్టుండి ఆగడం, అలారాలు రాకపోవడం మొదలైంది. కొత్తగా పెట్టిన వ్యవస్థ కదా, ఇన్‌స్టాలేషన్ లోపం అనుకుని చాలా రోజులు అటువైపే వెతికారు. ఆ వ్యవస్థ పెట్టిన కంపెనీలో అంతకుముందు పనిచేసిన మనిషి కారులో తిరుగుతూ రేడియోతో ఆదేశాలు పంపాడని చివరికి తేలింది. సుమారు 8 లక్షల లీటర్ల మురుగు పార్కుల్లోకి, వాగుల్లోకి పారింది. వాడికి 2001లో రెండేళ్ల జైలు పడింది.

మీకు ఉపయోగపడేది దర్యాప్తు చేసిన ఇంజినీరు వేసిన ఎత్తు. తప్పుడు సందేశాలు 14వ స్టేషన్ పేరుతో వస్తున్నాయని గమనించి, అసలు 14వ స్టేషన్ నంబర్‌ని 3గా మార్చేశాడు. ఆ తర్వాత "నేను 14" అంటూ వచ్చిన ప్రతి సందేశమూ దొంగదే అని తెలిసిపోయింది. మోడల్ అక్కర్లేదు, డేటాసెట్ అక్కర్లేదు. మీ 9కి కూడా ఒక రోజు 29 అని పేరు మార్చి చూడండి.

ప్యాకెట్‌వేట | సోమవారం, సాయంత్రం 5:10

నీటిచుక్క గారూ, చాలా మంచి ఉదాహరణ. తేజ గారూ, ఆ మార్పు చేసే ముందు మీ దగ్గరున్న లాగ్‌లోనే ఇంకో రెండు చూడండి. ప్రతి ప్యాకెట్‌కీ వరస నంబర్ ఉండాలి. 9 పేరుతో వచ్చినవాటిని టైం ప్రకారం పేర్చి, ఆ నంబర్లు ఒకే వరసలో పెరుగుతున్నాయా చూడండి. అలాగే సిగ్నల్ బలం. 9 షెడ్డుకి దగ్గరే ఉండి నేరుగా గేట్‌వేకి పంపుతుంటే ఆ బలం దాదాపు ఒకే పట్టీలో ఉండాలి. మనిషి అడ్డొచ్చినా, గడ్డి పెరిగినా కొంత మారుతుంది కాబట్టి దాన్ని ఒక్కదాన్నే పట్టుకుని తీర్పు చెప్పకండి.

తేజ_ఎంటెక్ | మంగళవారం, రాత్రి 12:20

చేతులు వణుకుతున్నాయి, అయినా రాస్తున్నాను.

9 పేరుతో రెండు వరసలు నడుస్తున్నాయి. ఒకటి 41 వేలల్లో, ఇంకోటి 6 వేలల్లో. డీఓ 7 వచ్చిన ప్రతి ప్యాకెట్ 6 వేల వరసలోదే. సిగ్నల్ బలం మామూలు వాటికి మైనస్ 58 చుట్టూ, వీటికి మైనస్ 86 చుట్టూ, అంటే చాలా బలహీనం. కలగలిసిన ప్యాకెట్ ఒక్కటి కూడా లేదు. రెండు నోడ్లు 9 అని చెప్పుకుంటున్నాయి, రెండింటి దగ్గరా మన నెట్‌వర్క్ కీ ఉంది. బాబాయికి ఫోన్ చేశాను. రాత్రికి ఏరియేటర్లు ఆటోమేటిక్ నుంచి తీసి చేత్తో నడుపుతున్నారు, మనిషిని కాపలా పెట్టారు.

గట్టుమీద | మంగళవారం, తెల్లవారుజామున 4:55

మంచి పని చేశారు. నేనూ ఇప్పుడు చెరువు దగ్గరే ఉన్నాను.

ఒక్కటి చెబుతాను, నిదానంగా ఆలోచించండి. రాత్రి కూడా 7 ఉందంటే ఆ నీళ్లలో రొయ్య లేదు, మేత లేదు, అడుగున కుళ్లేదేమీ లేదు. కొత్తగా నీళ్లు పెట్టి ఇంకా పిల్ల వేయని చెరువు అలా ఉంటుంది. దొంగ కూర్చుని అంకెలు అల్లితే ఇంత చక్కగా పీహెచ్‌తో సహా అల్లలేడు. మీ బాబాయి గారి పక్కన ఎవరైనా కొత్తగా నీళ్లు పెట్టారేమో అడగండి.

తేజ_ఎంటెక్ | బుధవారం, సాయంత్రం 6:30

అదే జరిగింది సార్. కాలవ అవతల ఒకాయన నెల కిందట అదే కంపెనీ దగ్గర నోడ్లు కొన్నారు. ఇంకా పిల్ల వేయలేదు. ఆయన నోడ్లకీ 1 నుంచి నంబర్లు, ఆయన 9వ నోడ్ కాలవ గట్టు మీదే ఉంది. కంపెనీ వాళ్లు కొనేవాళ్లందరికీ ఒకటే నెట్‌వర్క్ నంబర్, ఒకటే కీ పెట్టి ఇస్తున్నారు. ఆయన నోడ్ ఆపితే మా 7లు ఆగిపోయాయి. రెండు కుటుంబాలూ పాత పరిచయస్తులే, కలిసి వెళ్లి అడిగారు. కీలు మార్చి ఇస్తామన్నారు.

సీతాకోక | బుధవారం, రాత్రి 7:05

హమ్మయ్య! అంటే చొరబాటు కాదన్నమాట. టెన్షన్ పడ్డాం ఇంతమందిమి.

మిణుగురు | బుధవారం, రాత్రి 7:50

నేను ఒప్పుకోను సీతాకోక గారూ. చెడ్డ ఉద్దేశం లేదు, అంతే. గేట్‌వే వైపు నుంచి చూస్తే ఇది అచ్చంగా క్లోన్ దాడి: అదే ఐడీ, అదే కీ, వేరే చోటు. తెల్లవారుజామున అసలు చెరువులో 3 ఉన్నప్పుడు కాలవ అవతల నుంచి 7 వచ్చి ఏరియేటర్లు ఆగిపోయి ఉంటే రొయ్యలు పోయేవి, ఎవరు పంపారన్నది వాటికి తేడా లేదు. పక్కాయనకి అనుకోకుండా కుదిరింది రేపు ఎవరికైనా కావాలని కుదురుతుంది. వాడికి కావలసిందల్లా ఆ కంపెనీ దగ్గర ఒక నోడ్ కొనుక్కోవడమే.

గట్టుమీద | బుధవారం, రాత్రి 9:15

మిణుగురు గారి మాటే నాదీ. డీఓ తప్పుగా తక్కువ చూపిస్తే ఏరియేటర్లు ఊరికే తిరుగుతాయి, కరెంటు బిల్లు పెరుగుతుంది, అది భరించొచ్చు. తప్పుగా ఎక్కువ చూపిస్తేనే పంట పోతుంది. అందుకని మంచి కబురు వచ్చినప్పుడే ఎక్కువ అనుమానించాలి. నా సెట్టింగ్ ఇలా పెట్టించుకున్నాను: రాత్రి 10 తర్వాత ఏ రీడింగ్ వచ్చినా మెషీన్ తనంతట తాను ఏరియేటర్లు ఆపకూడదు. వేయడం దాని ఇష్టం, ఆపడం నా ఇష్టం.

గణితం_ఇష్టం | గురువారం, ఉదయం 8:40

థ్రెడ్ అంతా చదివాను. మెషీన్ లెర్నింగ్ పనికిరాదన్న అర్థంలో తేజ వెళ్లిపోకూడదని రాస్తున్నాను తమ్ముడూ. లెక్క చూడు. 14 నోడ్లు, 5 నిమిషాలకోసారి అంటే రోజుకి 4,032 సందేశాలు. నీ మోడల్ మామూలు సందేశాల్లో నూటికి ఒక్కదాన్నే తప్పుపట్టినా రోజుకి 40 అలారాలు. మూడో రోజుకి మీ బాబాయి ఫోన్ సైలెంట్‌లో పెడతారు. నిజమైన దాడి ఏడాదికి ఒకటి వచ్చినా ఆ 40లో కలిసిపోతుంది.

అందుకని ఖచ్చితమైన నియమాలని ముందు పెట్టు. వరస నంబర్ వెనక్కి వెళ్లిందా, ఒక ఐడీకి రెండు సిగ్నల్ పట్టీలు ఉన్నాయా, పొద్దు గుంకాక డీఓ ఒక్క గెంతులో పెరిగిందా. ఇవి పొరపాటు పడటం అరుదు. వీటికి అందనివి, ఉదాహరణకి ఒక మధ్య నోడ్ పదింటిలో ఒక ప్యాకెట్ నొక్కేయడం లాంటివి, అక్కడ మోడల్ కావాలి. వాన పడినా ప్యాకెట్లు పోతాయి, గ్రేహోల్ వల్లా పోతాయి. ఆ తేడా నియమంతో చెప్పడం కష్టం. ఒక్కో సందేశానికి తీర్పు అడగకుండా ఒక్కో నోడ్‌కి రోజంతటి ప్రవర్తన మీద తీర్పు అడుగు. రోజుకి 14 తీర్పులే అవుతాయి. నీ పేపర్ అక్కడ ఉంది.

తేజ_ఎంటెక్ | గురువారం, రాత్రి 10:10

అక్కా, గైడ్ గారితో ఇవాళ ఇదంతా మాట్లాడాను. డబ్ల్యూఎస్ఎన్-డీఎస్ ఫలితాలు నోడ్ల వారీగా విడగొట్టి మళ్లీ చేయమన్నారు, చెరువు లాగ్ రెండో అధ్యాయంగా పెట్టడానికి ఒప్పుకున్నారు. పక్కాయన కూడా తన లాగ్ ఇస్తానన్నారు.

గేట్‌వేలో వరస నంబర్ నియమం ఇవాళే పెట్టాను. కానీ ఒక ఇబ్బంది: 4వ నోడ్ మీద మధ్యాహ్నం అలారం వచ్చింది. చూస్తే బ్యాటరీ మార్చారు, నోడ్ రీస్టార్ట్ అయి మళ్లీ 0 నుంచి మొదలుపెట్టింది. ఇలాంటివి వదిలేయమని చెబితే, పాత ప్యాకెట్లు రికార్డ్ చేసి మళ్లీ పంపేవాడికి తలుపు తీసినట్టే కదా?

మిణుగురు | గురువారం, రాత్రి 10:45

అవును, వదిలేయకండి. నోడ్ వైపు సరిచేయించండి. వరస నంబర్‌ని ఫ్లాష్ మెమరీలో దాచాలి, కానీ ప్రతి ప్యాకెట్‌కీ రాస్తే ఫ్లాష్ అరిగిపోతుంది. నూరు ప్యాకెట్లకి ఒకసారి రాయండి. రీస్టార్ట్ అయ్యాక దాచిన అంకెకి 100 కలిపి, దాన్ని వెంటనే దాచుకుని, అక్కడి నుంచి మొదలుపెట్టాలి. మధ్యలో కొన్ని నంబర్లు ఎగిరిపోతాయి, ఫర్వాలేదు. ముందుకి దూకితే గేట్‌వే ఊరుకోవాలి, ఒక్క అడుగు వెనక్కి వేసినా అరవాలి. కంపెనీ వాళ్లు కీలు మార్చడానికి వచ్చినప్పుడే ఇది కూడా పెట్టించేయండి, డబ్బాలు రెండుసార్లు విప్పే పని తప్పుతుంది.